పొరుగువాఁడెవఁడు? – యూదుల ధర్మగ్రంథములలో పరులను గూర్చిన కఠినవాక్యములు



ప్రాచీనమైన ప్రతి మతగ్రంథమునందును చదువరి గొంతు తడఁబడు చోటులు కొన్ని కలవు. పురాణము చెప్పువాఁడు ఆ చోటికి వచ్చునప్పటికి రెండాకు లొక్కమాఱే త్రిప్పివేయును. లేదా గబగబ చదివి దాఁటిపోవును. వినువారును తెలిసియే యూరకుందురు. అట్టి చోటులు యూదుల ధర్మగ్రంథములలో నెట్టివి కలవో, ఆ మతమునందలి పండితులే వాని నెట్లెదుర్కొనిరో, దానివలన మనము నేర్వఁదగిన దేమో చెప్పుట నేఁటి నా ప్రసంగోద్దేశము. అందును పరులను గూర్చి, అనఁగా తమ జాతికిని తమ మతమునకును వెలుపలనున్నవారిని గూర్చి చెప్పిన మాటలనే తీసికొందును.

యూదుల గ్రంథములతో కుసుమంచివారికేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. యూదులు ‘తోరా’ యని పిలుచుకొను అయిదు కాండములే క్రైస్తవుల బైబిలులోని మొదటి యయిదు పుస్తకములు. మనకు చేరువనున్న డోర్నకల్లునకు 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తొలి బిషప్పైరి. ఆ పీఠమునకు లోఁబడిన పల్లెల ప్రార్థనామందిరములలో నా కాండములు తెలుఁగున చదువఁబడుచున్నవి. ఇదిగాక, గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో కొన్ని మాదిగ కుటుంబములు 1980ల చివరినుండి తాము ఇశ్రాయేలు గోత్రములలో నొకటియైన ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొని, శనివారము విశ్రాంతిదినముగా పాటించి, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొనుచున్నవి. వారిని గూర్చి యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు 2013లో నొక గ్రంథమే వెలువరించిరి. కాఁబట్టి యీ గ్రంథములు నేఁడు తెలుఁగువారు చదువు గ్రంథములు. వానిలోని కష్టమును మన కష్టమే.

ముందుగా నా గ్రంథముల తీరు చెప్పవలెను. తోరా వారికి శ్రుతివంటిది. దానిమీఁద తరతరములుగా గురువులు నోటితో చెప్పుకొనివచ్చిన ధర్మనిర్ణయములను సుమారు క్రీ. శ. 200 ప్రాంతమున యెహూదా హ-నాసి యను గురువు ‘మిష్నా’ యను పేర కూర్చెను. అది మన సూత్రగ్రంథములవలె సంక్షిప్తము. మిష్నాపై జరిగిన చర్చల సంపుటమే ‘తల్ముదు’. అందు పెద్దది బబులోను దేశమునందు క్రీ. శ. 6వ శతాబ్ది ప్రాంతమున రూపు కుదుర్చుకొనినది. తల్ముదున కొక విశేషము కలదు: ఓడిన పక్షము మాటయు, గెలిచిన పక్షము మాటయు రెండును వ్రాసియుంచుదురు. పూర్వపక్షమును దాచు నలవాటు వారికి లేదు. ఈ సంగతి మనకు ముందు పనికివచ్చును.

ఇఁక కఠినవాక్యములు. వానిని మెత్తపఱచక చెప్పెదను. కనానీయులు మొదలగు ఏడు జాతులు నివసించు దేశములో ప్రవేశించునప్పుడు ఆ పట్టణములలో ఊపిరిగల దేనిని బ్రదుకనీయఁగూడదని ద్వితీయోపదేశకాండము విధించుచున్నది. అమాలేకీయుల పేరు ఆకాశము క్రింద లేకుండ తుడిచివేయవలెనని అదే కాండము చెప్పుచున్నది. సమూయేలు మొదటి గ్రంథమున సౌలురాజునకు ఆ యమాలేకీయుల పురుషులను, స్త్రీలను, చంటిబిడ్డలను, పశువులను గూడ చంపుమని యాజ్ఞ. అమ్మోనీయుఁడును మోయాబీయుఁడును పదవతరము వచ్చినను సమాజములో చేరరాదని వేఱొక విధి. సోదరునివద్ద వడ్డీ తీసికొనరాదు, పరునివద్ద తీసికొనవచ్చునని మఱియొకటి.

ఇవి యన్నియు యుద్ధములకును రాజ్యములకును సంబంధించినవి కావున దూరముగా తోఁచవచ్చును. అందుచేత, రచ్చబండమీఁద పశువుల తగవులు తీర్చిన మీవంటి పెద్దల కొక దగ్గఱి యుదాహరణము చెప్పెదను. ఒకని యెద్దు మఱియొకని యెద్దును పొడిచి చంపినది. నష్ట మెవరు భరింపవలెను? తోరా ధర్మము చక్కనిది. పొడుచు నలవాటులేని యెద్దైనచో యజమాని సగము నష్టము నిచ్చుకొనవలెను. ముందే పొడిచి, హెచ్చరిక పొందియు యజమాని కట్టివేయనిచో పూర్తినష్టము. న్యాయమే కదా! అయితే మిష్నా యొక వ్యత్యాసము చేసినది. యూదుని యెద్దు పరుని యెద్దును పొడిచినచో నష్టపరిహారము లేదు. పరుని యెద్దు యూదుని యెద్దును పొడిచినచో, అలవాటున్నను లేకున్నను, పూర్తినష్టము నియ్యవలెను. కారణమేమి? నిర్గమకాండమున ‘పొరుగువాని యెద్దు’ అని యున్నది. పరుఁడు పొరుగువాఁడు కాఁడని వారి వ్యాఖ్యానము. ధర్మమంతయు ఆ యొక్క పదముపై నిలిచినది: పొరుగువాఁడెవఁడు?

ఈ వ్యత్యాసమును మొదట తప్పుపట్టినవా రెవరో తల్ముదే చెప్పుచున్నది. రోము ప్రభుత్వము ఇద్దఱధికారులను యూదగురువులవద్దకు పంపి వారి ధర్మమును నేర్చిరమ్మనెనట. వారొకమాఱు, రెండుమాఱులు, మూఁడుమాఱులు చదివి, సెలవు తీసికొనుచు నిట్లనిరట: మీ ధర్మమంతయు పరిశీలించితిమి, అంతయు న్యాయముగనే యున్నది, ఈ యెద్దుల విధి యొక్కటి తప్ప, పొరుగువాఁడను పదమునకు పట్టింపున్నచో రెండువైపులను పరిహారము మానవలెను, లేనిచో రెండువైపులను ఇప్పింపవలెను, అయినను ఈ మాట మా ప్రభుత్వమునకు తెలుపము. గురువులు వారికేమి బదులిచ్చిరో తల్ముదు చెప్పలేదు. ఇచ్చటనే నాకు గౌరవము కలుగుచున్నది. తమ ధర్మము తప్పని పరుఁడు చెప్పిన మాటను, దానికి తాము బదులీయని సంగతిని, తమ పవిత్రగ్రంథములోనే వ్రాసికొనుట చిన్న సంగతి కాదు. ప్రశ్నను తుడిచివేయలేదు, రాఁబోవు తరములవారికి అప్పగించిరి.

ఆ తరములవా రేమిచేసిరో చూతము. వారి పద్ధతులు ముఖ్యముగా మూఁడు.

మొదటిది, వాక్యమును వాక్యముతో తూచుట. ఆ తోరాయందే, లేవీయకాండమున, పరదేశిని తమవలెనే ప్రేమింపవలెననియు, ఏలయన తామును ఐగుప్తులో పరదేశులై యుండిరనియు విధి కలదు. పరదేశిని బాధింపరాదని తోరా ముప్పదియాఱుమాఱులు హెచ్చరించినదని తల్ముదులో నొక గురువు లెక్కపెట్టెను. మోయాబీయుఁడు చేరరాదని యొకచోట నుండఁగా, మోయాబు స్త్రీయైన రూతు చేరి, దావీదురాజునకు ముత్తవ్వ యైనదని మఱియొక పవిత్రగ్రంథమే చెప్పుచున్నది. పరుల పేదలను తమ పేదలతోపాటు పోషింపవలెను, వారి రోగులను చూడఁబోవలెను, వారి మృతులను పాతిపెట్టవలెను, శాంతిమార్గముకొఱకు, అనియు తల్ముదు విధించినది.

రెండవది, విధిని తీసివేయకయే దాని కాలము ముగిసినదని నిర్ణయించుట. అమ్మోనీయుఁడైన యెహూదా యనువాఁడు విద్యాశాలకు వచ్చి, నేను మీ సమాజములో చేరవచ్చునా యని యడిగెనని మిష్నా చెప్పుచున్నది. గమలీయేలు గురువు కూడదనెను. విధి స్పష్టముగా నున్నది కదా! యెహోషువ గురువు కూడుననెను. అష్షూరురాజైన సన్హెరీబు వచ్చి జాతులనన్నిటిని కలగాపులగము చేసినాఁడు, అమ్మోనీయుఁ డెవఁడో నేఁడెవఁడు చెప్పఁగలఁడని యతని వాదము. ఆ వాదమే గెలిచినది; ఆ మనుష్యుని చేర్చుకొనిరి. సన్హెరీబు క్రీ. పూ. 705 మొదలు 681 వఱకు నేలిన రాజు. ఆ తరువాత ఏడెనిమిదివందల యేండ్లకు, గడపదగ్గఱ నిలిచిన యొక్క మనుష్యునికొఱకు ఆ రాజుపేరు జ్ఞప్తికి వచ్చినది! చట్టము ముందు వచ్చినదో, మనుష్యునిపై దయ ముందు వచ్చినదో మీరే యూహింపుఁడు. 12వ శతాబ్దిలో మోషే బెన్ మైమోన్ అను మహాపండితుఁడు ఏడు జాతుల పేరు ఎన్నఁడో నశించినదని వ్రాసెను. ముందు సంధి కోరక ఆ జాతులతో గాని అమాలేకుతో గాని యుద్ధము చేయరాదనియు వ్రాసెను.

మూఁడవది, పదమున కర్థము విశాలపఱచుట. 13వ శతాబ్దిలో పెర్పిన్యాన్ పట్టణమున మెనహెమ్ మెయిరీ యను పండితుఁ డుండెను. ఎద్దుల విధికి అతఁడు చెప్పిన తీర్పు ఇది: ఆ వ్యత్యాసము ఏ ధర్మమునకు, ఏ చట్టమునకు లోఁబడని పూర్వజాతులను గూర్చినది, ఏదేని మతనియమమునకు లోఁబడి నడచుకొనువారు ఇట్టి వ్యవహారములయందు యూదులతో సమానులే. అనఁగా పొరుగువాఁడను పదము గడపదాఁటి వీథిలోనికి వచ్చినది. రోమనుల ప్రశ్నకు వేయేండ్లు గడచిన పిమ్మట ఒక యుత్తరము దొరకినది.

ఇన్నియు చెప్పి, సమస్య తీరినదనుట నాకిష్టము లేదు. ఆ జాతులు నేఁడు లేవు గనుక ఆ విధి నేఁడు లేదనుట కత్తిని ఒరలో పెట్టుట; కత్తి యెందుకు పోఁతపోసిరను ప్రశ్న అట్లే యున్నది. నాఁటి చంటిబిడ్డ చేసిన పాపమేమి? ఈ ప్రశ్నను తల్ముదు సౌలునోటనే పలికించినది: పెద్దలు తప్పుచేసిన పిల్లలేమి చేసిరి, మనుష్యులు తప్పుచేసిన పశువులేమి చేసినవి, అని. ఆకాశవాణి యొకటి అతిగా నీతిపరుఁడవు కావలదని యాతని నోరు మూయించెనట! అయినను ప్రశ్న గ్రంథములో నిలిచియే యున్నది. యెహోషువ గ్రంథములోని జైత్రయాత్ర యంతయు వ్రాసినట్లు జరుగలేదని నేఁటి పురాతత్త్వజ్ఞు లనేకులు చెప్పుదురు. అది యూరట గాని యుత్తరము కాదు. జరుగనిదైనను, జరుగవలసినదని వ్రాసినవారు మనుష్యులకు పాఠముగనే వ్రాసిరి కదా!

అట్టి పాఠము చెడ్డచేతులలో పడిన నేమగునో చరిత్ర రెండువైపులనుండియు చూపినది. శత్రువుల చేతిలో పడినకథ యొకటి. 1240లో పారిసు నగరమున, యూదమతమును వీడిన నికొలాస్ దొనిన్ అనువాఁడు ఈ వాక్యములను ఏఱి తీసి తల్ముదుపై నేరము మోపెను, విచారణ జరిగినది, 1242లో బండ్లకొలఁది తల్ముదుప్రతులను వీథిలో తగులఁబెట్టిరి. పిమ్మట అచ్చుపుస్తకములు వచ్చునాఁటికి, 1578 మొదలు 1581 వఱకు బాసెలు నగరమున ముద్రించిన ప్రతిలో పరులను గూర్చిన మాటలనేకము మాఱ్చివేసిరి. విగ్రహారాధకులను గూర్చిన భాగమొకటి పూర్తిగా తీసివేసిరి. దానివలన ఫలమేమి? తీసివేసిన వాక్యములను యూదులు చిన్నపుస్తకములుగా కూర్చి చదువుకొనిరి. ఏదో దాచుచున్నారని శత్రువులు మఱింత ప్రచారము చేసిరి. చింపిన యాకునకు సమాధానము చెప్పుట కెవరికిని వీలులేదు.

స్వజనుల చేతిలో పడినకథ రెండవది. 1994 ఫిబ్రవరి 25న హెబ్రోను నగరములో, అబ్రాహాము సమాధిస్థలమని పేరొందిన మందిరమున, నమాజు చేయుచున్న ముస్లిముల నిరువదితొమ్మండ్రను బారూఖ్ గోల్డ్‌స్టెయిన్ అను యూదుఁడు కాల్చిచంపెను. అది పూరీము పండుగదినము. అమాలేకు వంశమువాఁడని చెప్పఁబడు హామాను ఓటమిని స్మరించు దినము. ఆనాఁటి ఇశ్రాయేలు ప్రధానమంత్రి రబీన్ తమ శాసనసభలోనే ఆ కృత్యమును తీవ్రముగా గర్హించెను. అయినను, ఎదుటివానికి ప్రాచీనశత్రువు పేరు పెట్టినంతమాత్రమున పాతవాక్యము క్రొత్తతుపాకి యగునని ఆ దినము తేటపడినది. అదే తల్ముదు హామాను సంతతివారే బెనె బెరాకు పట్టణమున తోరా బోధించిరని చెప్పుచుండఁగా, ఈ కథ తలఁచుకొనువారు ఆ హంతకునిచుట్టు లేకపోయిరి.

ఇఁక మనసంగతి. ఇంతదాఁక పరుల గ్రంథములోని తప్పులు విని తలలూపితిమి. ఇది సుఖమైన పని. మన గ్రంథములు తెఱచిన నేమి కనఁబడును?

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున తిట్లకు దండనము చూడుఁడు. బ్రాహ్మణుని క్షత్రియుఁడు తిట్టిన నూఱుపణములు. క్షత్రియుని బ్రాహ్మణుఁడు తిట్టిన నేఁబది. వైశ్యుని తిట్టిన నిరువదియైదు. శూద్రుని తిట్టిన పండ్రెండు. శూద్రుఁడు బ్రాహ్మణుని తిట్టినచో పణములు కావు, శరీరదండనము. ఇది యెద్దుల విధికంటె మేలైనదా? వేదము విన్న శూద్రుని చెవిలో సీసముగాని లక్కగాని కరఁగించి పోయుమని గౌతమధర్మసూత్రము. ఊరి వెలుపల నివాసము, శవములపై వస్త్రములు, పగిలిన పాత్రలు చండాలుర కని మనుస్మృతి పదవ యధ్యాయము. భారతము ఆదిపర్వమున ద్రోణుఁడు ఏకలవ్యుని నిషాదపుత్రుఁడని శిష్యునిగా నంగీకరింపక, పిమ్మట బొటనవ్రేలు పుచ్చుకొనెను. ఈ కథను నన్నయభట్టు తెలుఁగున చెప్పినాఁడు. నేను బడిలో చెప్పినాను. మన కుసుమంచి గణపేశ్వరాలయమునుండి తూర్పునకు భద్రాద్రిదిక్కుగా పోయినకొలఁది అడవియు కోయపల్లెలును. ఆ పాఠము చెప్పునప్పుడెల్ల ఆ దిక్కునుండి వచ్చిన బాలురు తలవంచుకొని తమ వ్రేళ్లను చూచుకొనెడివారు. ఆ చూపునకు ఏ వ్యాఖ్యానమును సరిపోదు.

అయితే యూదపండితులకున్న సాధనములు మనకును కలవు. వాక్యమును వాక్యముతో తూచుట మీమాంసకులు మనకు నేర్పిన విద్యయే. ఆపస్తంబుఁడు తన ధర్మసూత్రము ముగించుచు, మిగిలిన ధర్మములను స్త్రీలవలనను సర్వవర్ణములవారివలనను తెలిసికొనవలెనని కొందఱి మతముగా చెప్పెను. శాస్త్రవిహితమైనను లోకము ద్వేషించు దానిని చేయరాదని యాజ్ఞవల్క్యుఁడు విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు వ్రాసిన మితాక్షరిని 13వ శతాబ్దిలోనే మూలఘటిక కేతన తెలుఁగుపద్యములలోనికి తెచ్చెను. కాలము ముగిసిన విధులను గౌరవముతో ప్రక్కన పెట్టుటకు ‘కలివర్జ్యము’ అను పద్ధతి కలదు; సన్హెరీబు వాదమునకు నిది సోదరి. వాల్మీకి రామాయణమున రాముఁడు వనవాసినియైన శబరి యాతిథ్యమును స్వీకరించెను. ఎంగిలిపండ్లకథ వాల్మీకములో లేదు, తరువాతివారు చేర్చినది. చేర్చిన చేతిలో ప్రేమ యున్నది. పొరుగువాఁడను పదము అచట వెడల్పైనది.

కాని సాధనము రెండువైపుల తెగును. ఆ కలివర్జ్యముతోనే అసవర్ణవివాహములను, సముద్రయానమును నిషేధించి తలుపులు మూసిన పండితులును కలరు. గమలీయేలుచేతిలోను యెహోషువచేతిలోను ఉన్నది ఒక్క తోరాయే. కాఁబట్టి గ్రంథము తనంత తాను మనలను రక్షింపదు. చదువువాని మనస్సు ఎటు తిరిగియున్నదో అదియే తీర్పు చెప్పును. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము ఆ పని చేసినది. పురాణము చదువు అరుఁగుమీఁద చేయవలసిన పని మనది.

ఆ పని యేమో మూఁడుమాటలలో చెప్పెదను. మొదటిది, కఠినవాక్యమును దాఁటవేయకుఁడు. బిగ్గఱగా చదువుఁడు, ఇది కఠినమని చెప్పుఁడు. రెండవది, దాని ప్రక్కనే ఆ గ్రంథములోని మఱియొక వాక్యమును చదువుఁడు. ఏ వాక్యముచేత దేనిని తూచవలెనో వినువారితో కలసి విచారింపుఁడు. మూఁడవది, ఆ వాక్యము ఎవరిని గూర్చి చెప్పఁబడినదో వారు ఆ సభలో కూర్చున్నట్లే తలఁచి చదువుఁడు. వారిని పిలిచి కూర్చుండఁబెట్టుకొనిన మఱియు మేలు. పరమతగ్రంథము చేతికి వచ్చినప్పుడును ఇదే నియమము. దానిలోని చెడ్డవాక్యము నొక్కదానిని ఏఱి, ఆ మతస్థులందఱు నట్టివారే యనుట పారిసులో దొనిన్ చేసిన పని.

కొత్తరెడ్డిపాలెమువారిని మరల నొక్కమాఱు తలఁపుఁడు. మన స్మృతులు ఊరి వెలుపల నిలిపిన జనము వారు. వారు చేపట్టిన గ్రంథమునందును పరులను వెలుపల నిలుపు వాక్యములు కలవు. ఐగుప్తులో పరదేశులైయుంటిరని జ్ఞప్తిచేయు వాక్యములును కలవు. వెలుపల నిలిచియుండుట యెట్టిదో ఎఱిఁగినవానికి ఆ రెండింటిలో ఏది బరువైనదో ఒకరు చెప్పనక్కఱలేదు. ఎఱుఁగని మనమే, ప్రతి యాకు త్రిప్పునప్పుడును, పొరుగువాఁడెవఁడని మనల మన మడుగుకొనవలసియున్నది.

సెలవు.